మిక్సీ రిపేరు మనమే చేసుకుందాం – 4వ పాఠం: కార్బన్ బ్రష్షులు

సంక్రాంతికి అరిసెల పిండి ఆడుతుంటే మిక్సీ ఠక్కున ఆగిపోతే, ముందు అడుగునున్న ఎర్ర బటన్ (లోడు ఎక్కువైతే మోటారుకి కరెంటు ఆపేసేది) చూడాలని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. మోటారు చల్లారాక అది నొక్కినా ఉలుకూ పలుకూ లేదా? ఆగి ఆగి తిరుగుతోందా? అయితే బ్రష్షులు చూడాలి.

"మోటారు కాలిపోయిందండి, కొత్తది కొనుక్కోండి" అంటే వెంటనే ఒప్పేసుకోకండి. చాలాసార్లు అరిగేది మోటారు కాదు, బ్రష్షులే. వేలెడైనా లేని రెండు నల్లటి కార్బన్ ముక్కలు అవి. వెనక స్ప్రింగు తోస్తుంటే, మోటారు ఇరుసు మీదుండే కమ్యుటేటర్ అనే రాగి పలకల చుట్టుని చెరోవైపు ఒత్తుకుని, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందిస్తాయి. నిమిషానికి వేల చుట్లు తిరిగేదాన్ని రాసుకుంటూ ఉంటే అరగకుండా ఎలా ఉంటాయి?

ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్చు కట్టేస్తే చాలదు. పాత ఇళ్ల వైరింగులో స్విచ్చు ఫేజుకి (కరెంటు వచ్చే వైరు) బదులు న్యూట్రల్‌కి (తిరిగి వెళ్లే వైరు) పడి ఉండొచ్చు. అప్పుడు స్విచ్చు కట్టినా లోపల కరెంటు ఉంటుంది.

అడుగు మూత విప్పగానే వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్లో ఫొటో తీసుకోండి. బ్రష్షు పావు అంగుళం కన్నా తక్కువ మిగిలితే రెండూ కలిపి మార్చేయాలి. పొడవు బాగానే ఉన్నా పొడి పేరుకుని గూట్లో ఇరుక్కుపోతే కమ్యుటేటర్‌ని తాకదు. వేలితో నొక్కి వదలండి, వెంటనే ముందుకు రావాలి. కొత్తవి కొనడానికి గంటస్తంభం వైపు కరెంటు సామాన్ల షాపులకి వెళ్తే పాత ముక్క జేబులో వేసుకెళ్లండి. కంపెనీ పేరు చెప్తే సరిపోదు, కొలత కుదరాలి.

కమ్యుటేటర్ నల్లబడి ఉంటే సన్నటి జీరో పేపర్ (నున్నగా రుద్దే గరుకు కాగితం) ఆనించి, చేత్తో తిప్పుతూ రుద్దండి. ఇనుము రుద్దే ఎమరీ గుడ్డ మాత్రం వద్దు, దాని పొడి రాగి పలకల మధ్య చేరి షార్ట్ చేయొచ్చు. పలకల సందుల్లో మసిని చీపురు పుల్లతో తీసేయండి.

మూత బిగించి, జార్ పెట్టకుండా తక్కువ స్పీడులో ఒక నిమిషం తిప్పండి. బ్రష్షు దగ్గర చిన్న నీలి రవ్వలు మామూలే. కమ్యుటేటర్ చుట్టూ మంట చక్రంలా కనిపిస్తే వెంటనే ఆపేయండి. అది వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్లు) లోపం కావచ్చు, మెకానిక్‌కి చూపించాల్సిందే.

వచ్చే పాఠం కప్లర్, అంటే మోటారు పైన ఉండి జార్ బ్లేడుని తిప్పే పళ్ల చక్రం. అది ఊడాలంటే మోటారు తిరిగే వైపుకే తిప్పాలి. ఈలోగా మీ మిక్సీ ఎటు తిరుగుతుందో చూసి రాసిపెట్టుకోండి.