వెయ్యి అడుగుల బోరులో పడింది నీళ్లు కాదు: తక్కువ డబ్బుతో కాస్మిక్ హారర్ కామెడీ తీయడం ఎలా?

మన హారర్ కామెడీల్లో దయ్యానికి తప్పకుండా ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. ఎవరో మోసం చేసి చంపి ఉంటారు, సెకండాఫ్‌లో ఆ సంగతి బయటపడుతుంది, పగ తీరగానే దయ్యం తన దారిన తాను పోతుంది. అంటే దానికి మనతో పని ఉంది. కాస్మిక్ హారర్‌లో ఆ పనే ఉండదు. అక్కడి ప్రాణికి మన మీద పగ లేదు, జాలి లేదు, అసలు మనం ఉన్నామన్న ధ్యాసే లేదు. అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ రాయగా 1928లో అచ్చయిన ‘ద కాల్ ఆఫ్ కథుల్హు’ ఈ తరహాకి పెద్ద గుర్తు. సముద్రం అడుగున నిద్రపోతున్నదేదో ఒక్కసారి అటు నుంచి ఇటు ఒత్తిగిలితే మనుషుల లెక్కలన్నీ తారుమారవుతాయి.

మరి ఇందులో కామెడీ ఎక్కడిదంటే, ఆ లెక్కల్లోనే ఉంది. విశ్వం మనల్ని పట్టించుకోకపోవచ్చు గానీ, మూడో ఫ్లోర్ వాళ్లు రెండు నెలలుగా మెయింటెనెన్స్ కట్టలేదన్న సంగతి మాత్రం మనం వదలం. ఈ రెంటినీ ఒకే ఫ్రేములో నిలబెట్టగలిగితే చాలు. పది నిమిషాల సినిమా, ఒక అపార్ట్‌మెంట్, అరడజను మంది మనుషులు, ఒక మంచి ఫోను. అంతే సరంజామా.

1. ముందు ఊరిని చూడండి

పొగమంచు, పాడుబడ్డ బంగళా, ఊళపెట్టే నక్కలు అరువు తెచ్చుకోవద్దు. హైదరాబాద్‌కి సొంత సరుకు ఉంది. ఖాజాగూడలో, దుర్గం చెరువు చుట్టూ, మౌలాలిలో కనిపించే గ్రానైట్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టేనాటికే అవి ముసలివి. ఆ రాతి మీద ఇళ్లు కట్టుకుని, ఎండాకాలం రాగానే నీళ్ల కోసం దానికే చిల్లులు పొడుస్తున్నాం. “వెయ్యి అడుగులు దింపినా చుక్క పడలేదండీ” అనే మాట ఏప్రిల్‌లో నిజాంపేట వైపు ఎవరిని కదిపినా వినిపిస్తుంది.

కథ అక్కడే ఉంది. అసోసియేషన్ మీటింగ్ పెట్టి, తలా ఇంత వేసుకుని, ఇంకో రెండు వందల అడుగులు దింపించారు. కింద ఏదో తగిలింది. తగిలింది కదిలింది. ఇక్కడి నుంచి ఈ కథనే ఉదాహరణగా పట్టుకుని వెళ్తాను. మీ కథ మెట్రో పిల్లర్ కింద జరగొచ్చు, ఇరానీ హోటల్ వెనక వంటగదిలోనైనా జరగొచ్చు. ఆ చోటు మీకు బాగా తెలిసినదై ఉండాలి, షూటింగ్‌కి ఉచితంగా దొరకాలి. రెండోదే ఎక్కువ ముఖ్యం.

2. భూతానికి డైలాగులు వద్దు, మనుషులకు బుద్ధి రావద్దు

స్క్రిప్టు పది పేజీలు దాటనివ్వకండి. రాసేటప్పుడు ఒక్కటే పట్టు: కింద ఉన్నదేమిటో ఎవరికీ తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. పురాతన గ్రంథం చదివి వివరించే ప్రొఫెసర్ పాత్ర వచ్చిందంటే సినిమా అక్కడికక్కడే పడుకుంటుంది. ప్రొఫెసర్‌కి బదులు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని స్థలమంతా తిరిగి నీళ్లెక్కడున్నాయో చెప్పే పెద్దాయన్ని తీసుకోండి. కొబ్బరికాయ నిలబడుతుంది. అందరూ సంబరపడతారు. అది మెల్లగా ఆయన వైపు తిరుగుతుంది. ఆయన దాన్ని సంచిలో పెట్టేసి, “నీళ్లయితే కాదు బాబూ, నా ఫీజు మాత్రం ఇచ్చెయ్యండి” అని లేస్తాడు. వివరణ మొత్తం అయిపోయింది.

మాటలు మీ సెల్లార్‌లో వినపడే మాటల్లాగే ఉండాలి:

వాచ్‌మన్: సార్, మోటర్ బంద్ చేసిన. అయినా లోపల్నుంచి ఏందో గుంజుతున్నది.

ప్రెసిడెంట్: గుంజితే గుంజనియ్. కరెంట్ బిల్లు కామన్ మీటర్ల పడుతదా, నీ మీద పడుతదా?

రెండో ఫ్లోర్ ఆవిడ: ఏమండీ, అదేదో మా పార్కింగ్‌లోకి వచ్చేసిందటండీ. మేము కార్పస్ ఫండ్ కూడా కట్టేశాం, ఇదేం అన్యాయమండీ!

ఎవరూ జోకు వేయడం లేదు, గమనించండి. నటులకు చెప్పాల్సింది కూడా ఇదే. ఆ పార్కింగ్ గొడవ ఆవిడకు ప్రాణసంకటం. నవ్వించాలని కనుబొమ్మలెగరేసే నటుడు ఎంత దగ్గరి మిత్రుడైనా సరే, కెమెరా వెనక్కి పంపండి. కృష్ణానగర్ వైపు అవకాశాల కోసం తిరిగే మంచి నటులు చాలామంది ఉన్నారు. కానీ ఈ రకం సినిమాకి మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీగారే దొరికితే ఇంకెవరూ సాటిరారు.

3. కావాలని చెత్తగా తీయకండి

ఈ తరహా సినిమాల మీద అభిమానం ఉన్నవాళ్లు కూడా చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. “లో బడ్జెట్ కదా, నాసిగా ఉంటేనే నవ్వొస్తుంది” అనుకుని వెక్కిరింపుగా తీస్తారు. ప్రేక్షకుడు మొదటి నిమిషంలోనే పసిగట్టేస్తాడు. అమెరికన్ దర్శకుడు జాన్ కార్పెంటర్ విద్యార్థి సినిమాగా మొదలుపెట్టగా 1974లో విడుదలైన ‘డార్క్ స్టార్’లో గ్రహాంతరవాసిని తయారుచేయడానికి డబ్బుల్లేక, బీచ్‌లో ఆడుకునే గాలి బంతికి రంగులేసి, కింద రెండు కాళ్లు తగిలించారు. చూస్తే నవ్వాగదు. ఎందుకంటే ఆ బంతితో వేగే మనిషి నిజంగానే వేగుతాడు. లవ్‌క్రాఫ్ట్ పేరు మీదున్న హిస్టారికల్ సొసైటీ వాళ్లు 2005లో ఇంకో తెలివైన పని చేశారు. ఆ కథుల్హు కథనే 1920ల నాటి నలుపు తెలుపు మూకీలా తీశారు. మూకీలో భూతం కాస్త కుదుపుగా నడిస్తే అది ఆ కాలపు అందంలో కలిసిపోతుంది. మీ చేతిలో ఉన్న డబ్బుకు ఏ రూపం నప్పుతుందో ముందే తేల్చుకోవాలి. సీసీ కెమెరా ఫుటేజీలా తీస్తారా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పంపిన వీడియోల్లానా? రెండూ ఈ కథకు సరిపోతాయి.

4. భూతాన్ని వంటింట్లో తయారుచేయండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ ఇది. కంప్యూటర్ గ్రాఫిక్స్ జోలికి వెళ్లకండి. సగం వచ్చిన గ్రాఫిక్స్‌ని ఎవరూ క్షమించరు. చేత్తో చేసిన బొమ్మ సగమే కుదిరినా ఇష్టపడతారు.

టెంటకిల్స్‌కి, అంటే ఆక్టోపస్‌కి ఉండేలాంటి మెలికల చేతులకి, పొట్లకాయలు. తోటలో పొట్లకాయ నిటారుగా సాగాలని రైతులు కొసన చిన్న రాయి కడతారు. కట్టనిది పాములా మెలికలు తిరుగుతుంది. రైతుబజారులో పొద్దున్నే వెళ్లి ఆ వంకర కాయలే అడగండి. ఎవరూ కొనరు కాబట్టి సంతోషంగా ఇస్తారు. వాటి మీదున్న తెల్లచారలు మీరు ఎంత రంగు పూసినా రావు. క్లోజప్‌కి ఇవి. వంగాల్సిన పెద్ద చేతులకైతే పరుపుల షాపులో మిగిలిన స్పాంజి ముక్కలు తెచ్చి, కత్తెరతో కొస సన్నం చేసి, మధ్యలో బైండింగ్ వైరు దూర్చి, పైన పాత మేజోళ్లు తొడగండి. పెద్ద తలకాయ కావాలంటే ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసేవాళ్లను అడగండి. చవితి అయిపోయాక వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. శ్రావణంలో వెళ్తే మీ భూతం వైపు తలెత్తి కూడా చూడరు.

జిగురుకి సగ్గుబియ్యం. ఒక గ్లాసు సగ్గుబియ్యానికి ఏడెనిమిది గ్లాసుల నీళ్లు పోసి, గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించి, చల్లార్చి వడకట్టండి. కొన్ని గింజల్ని అలాగే వదిలేస్తే గుడ్లలా కనిపిస్తాయి. అందులో టానిక్ వాటర్ కలిపితే ఇంకో విచిత్రం: దానిలోని క్వినైన్ అతినీల కాంతిలో నీలంగా వెలుగుతుంది. దొంగనోట్లు పట్టే చిన్న యూవీ టార్చి కోఠిలో గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. దాన్ని ఎవరి కళ్లలోకీ కొట్టకండి. ఈ జిగురు మన ఎండకి ఒక్క పూటలో పులిసిపోతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే చేసుకోండి. లేకపోతే నటుల ముఖాల్లో అసహ్యం తెప్పించడానికి డైరెక్షన్ అవసరం ఉండదు.

ఇక కదలిక. టెంటకిల్ మనిషి మెడకు చుట్టుకోవాలంటే, ముందే చుట్టి ఉంచి లాగేస్తూ తీసి, ఎడిటింగ్‌లో వెనక్కి నడిపించండి. ఏ జంతువూ కదలని తీరులో కదులుతుంది. పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడేదీ ఇలాగే: నిలబెట్టి పడిపోనిచ్చి, రివర్స్ చేయాలి. వెనకాల ఎవరూ నడవకుండా మాత్రం చూసుకోండి.

బోరు విషయానికొస్తే, తెరిచి ఉన్న నిజమైన బోరు దగ్గర షూటింగే వద్దు. హార్డ్‌వేర్ షాపులో రెండడుగుల కేసింగ్ పైపు ముక్క కొని, చిల్లు ఉన్న పాత బల్లకి బిగించి, చుట్టూ మట్టి పోస్తే బోరు తయారు. బల్ల కింద కూర్చున్న మిత్రుడే భూతం. బోరు బండిని అద్దెకు తేవడం మన వల్ల కాదు. దాని మోత వినిపించి, అందరి జుట్టు మీదా కాస్త ముగ్గుపిండి చల్లితే బండి పక్కనే ఉందని నమ్మేస్తారు.

5. ఆకాశాన్ని అక్వేరియంలో దించండి

చివర్లో నగరం మీద ఆకాశం చీలాలనుకుందాం. ఖాళీ అక్వేరియంలో సగం దాకా ఉప్పునీళ్లు పోసి, పైన ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద మెల్లగా మంచినీళ్లు పోసి, షీటు నిదానంగా లాగేయండి. బరువైన ఉప్పునీళ్లు అడుగునే ఉంటాయి. సిరంజితో పలచటి పాలు వదిలితే రెండు నీళ్లూ కలిసే చోట మబ్బులా పరుచుకుంటాయి. కంప్యూటర్లు రాకముందు హాలీవుడ్‌లో మేఘాలు ఇలాగే తీసేవారు. పక్కనుంచి రాణి రంగు లైటు వేయండి. ఇంద్రధనుస్సులో ఎక్కడా లేని రంగు అది, లోకంలోది కాని వెలుగుకి బాగా పనికొస్తుంది. ఫంక్షన్ హాళ్ల డెకరేషన్ లైట్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర కావలసినన్ని ఉంటాయి.

బొమ్మ అపార్ట్‌మెంట్ కూలాలంటే స్పీడు లెక్క తెలియాలి. బొమ్మ అసలు కంటే ఎన్ని రెట్లు చిన్నదో దాని వర్గమూలాన్ని 24తో గుణించండి. 25 రెట్లు చిన్నదైతే 5 ఇంటూ 24, అంటే సెకనుకు 120 ఫ్రేములు. చాలా ఫోన్లలో ఈ స్లో మోషన్ ఉంటుంది. అలా తీసి మామూలు వేగంలో నడిపిస్తే అట్టపెట్టె కూడా బరువుగా కూలుతుంది. నీళ్లతో మాత్రం ఈ మాయ కుదరదు. నీటిచుక్కకి చిన్న సైజు ఉండదు కదా.

6. డబ్బు శబ్దం మీద పెట్టండి

బడ్జెట్ 30,000 అనుకుంటే నా పంపకం ఇలా ఉంటుంది: భోజనాలకి, ఆటోలకి 10,000, మైకులకి 8,000, భూతానికి 5,000. మిగిలింది ముట్టుకోకండి, అది ఎలాగూ అయిపోతుంది. తెర మీద బొమ్మ మసకగా ఉంటే స్టైల్ అనుకుంటారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు.

భూతం గొంతు మీ ఇంట్లోనే ఉంది. ప్రెషర్ కుక్కర్ కూతని రికార్డు చేసి వేగం సగానికి తగ్గిస్తే శ్రుతి ఒక స్థాయి కిందికి దిగుతుంది. పావుకి తగ్గిస్తే రెండు స్థాయిలు. అప్పుడు అది ఎక్కడో భూగర్భంలో ఎవరో మూలిగినట్టుంటుంది. బాగా మగ్గిన బొప్పాయిలో చేయి పెట్టి పిసికితే మాంసం చప్పుడు, ముల్లంగి విరిస్తే ఎముక. వీటి మధ్యలో వాచ్‌మన్ ఫోన్ రింగ్‌టోన్ మోగాలి. పాత సినిమా పాట పెట్టాలని చేయి లాగుతుంది. హక్కులు మీవి కావు, అప్‌లోడ్ చేయగానే క్లెయిమ్ వస్తుంది. రింగ్‌టోన్ మీరే కూనిరాగం తీయండి.

7. షూటింగ్: రెండు రాత్రులు, సంపులోకి ఎవరూ దిగకూడదు

అసోసియేషన్ దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. రోడ్డు మీదకి వెళ్తే పోలీసుల అనుమతి, గోల్కొండ లాంటి చోట్లకైతే పురావస్తు శాఖ అనుమతి కావాలి కాబట్టి సెల్లార్ దాటకపోవడమే సుఖం.

సంపు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మూతపెట్టిన సంపుల్లో గాలి ఆడదు. దిగినవాళ్లు స్పృహ తప్పి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు మన నగరంలోనే ఉన్నాయి. ఒక్క షాట్ కోసం కూడా ఎవరినీ దింపవద్దు. బేగంబజార్‌లో 200 లీటర్ల పాత ప్లాస్టిక్ డ్రమ్ము కొని, అడుగు కోసేసి, అడ్డంగా పడుకోబెట్టండి. ఒక చివర కెమెరా, రెండో చివర నుంచి తొంగిచూసే నలుగురి ముఖాలు. లోపల గోడకి సగ్గుబియ్యం పూస్తే సంపులోంచి భూతం చూస్తున్నట్టే ఉంటుంది. తడిసిన చోట కరెంటు లైట్లు పెట్టకుండా బ్యాటరీ లైట్లు వాడండి.

మొదటి రాత్రి మాటల సీన్లన్నీ అయిపోవాలి. జిగురు పని రెండో రాత్రికి ఉంచండి. జిగురు పూసుకున్న మనిషి మళ్లీ మామూలు సీనుకి పనికిరాడు.

8. ఎడిటింగ్‌లో చేయి గట్టిగా ఉండాలి

పది నిమిషాల్లో భూతం కనిపించేది మొత్తం మీద 20 సెకన్లు దాటకూడదు. పొట్లకాయ మీద ఎంత కష్టపడ్డారో మీకు తెలుసు, ప్రేక్షకుడికి అనవసరం. మూడో సెకనులో అది పొట్లకాయేనని కనిపెట్టేస్తాడు. రెండో సెకనుకే కట్ చేయండి. కోసేటప్పుడు భూతాన్ని కోయండి, భూతాన్ని చూసిన ముఖాన్ని కోయకండి.

రఫ్ కట్, అంటే మొదటి కూర్పు, అయ్యాక షూటింగ్‌తో సంబంధం లేని ఓ పదిమందిని కూర్చోబెట్టి చూపించండి. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోట్ల చిన్న సినిమాలకు జాగా దొరుకుతుంది. అంతకుముందు మీ టెర్రస్ మీద దుప్పటి కట్టి వేసుకున్నా చాలు. తెర వైపు చూడకుండా జనం వైపు చూడండి. పార్కింగ్ డైలాగుకి నవ్వి, వెంటనే డ్రమ్ము షాట్‌కి చప్పుడు లేకుండా అయిపోయారా, ఆ చోటు ముట్టుకోకండి. భూతం వచ్చినప్పుడు ఫోన్లు తీశారంటే అది ఎక్కువసేపు ఉందని లెక్క. మళ్లీ ఎడిటింగ్ బల్ల దగ్గరికి వెళ్లి ఇంకో నాలుగు సెకన్లు తీసేసి, సబ్‌టైటిల్స్ వేసి, అప్పుడు అప్‌లోడ్ చేయండి.