జీతం ఏ తేదీన, ఎంత వస్తుందో తెలియనప్పుడు అప్పులు తీర్చుకోవడం ఎలా?

కడప జిల్లా ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేసేవారికీ, సిమెంటు కర్మాగారాల్లో కాంట్రాక్టరు కింద పనిచేసేవారికీ ఒక నెల జీతం నిండుగా వస్తుంది, మరుసటి నెల ఆర్డర్లు తగ్గాయనో బిల్లు మంజూరు కాలేదనో సగం వస్తుంది, ఒక్కోసారి పదిహేనో తేదీ దాటినా రాదు. అయితే అప్పు కంతు మాత్రం తేదీ తప్పకుండా వస్తుంది. అప్పులు తీర్చడం గురించి సాధారణంగా చెప్పే సలహాలన్నీ జీతం ఒకటో తేదీన వస్తుందన్న నమ్మకం మీద నిలిచినవి కనుక, ఆ నమ్మకం లేని కుటుంబం తన లెక్కను వేరుగా వేసుకోవాలి.

మొదట రాబడిని ఖాయం చేసుకోండి

బ్యాంకు పాసుపుస్తకంలో గడచిన పన్నెండు నెలల జీతం జమలను, అవి పడిన తేదీలతో సహా, ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల మొత్తాన్నే మీ రాబడిగా భావించండి. సగటును తీసుకోవద్దు, ఎందుకంటే సగటు జీతం ఏ నెలా చేతికి రాదు. అదే సమయంలో భవిష్యనిధి (పీఎఫ్) పాసుపుస్తకం కూడా చూడండి. జీతంలోంచి భవిష్యనిధికని కోస్తున్నా ఆ సొమ్ము మీ ఖాతాలో జమ కావడం లేదంటే యాజమాన్యం చేతిలో డబ్బు ఆడటం లేదని అనుమానించవచ్చు. ముందున్న నెలలకు ఇప్పుడే జాగ్రత్తపడవలసిన సూచన అది.

తర్వాత అప్పులన్నిటినీ ఒకే కొలతలోకి తీసుకురండి

మన ప్రాంతంలో ప్రైవేటు అప్పుకు వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు, బ్యాంకు ఏడాదికి ఇంత శాతమని చెబుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. కొన్ని ఫైనాన్సు సంస్థలు ‘ఫ్లాట్’ వడ్డీ అని చెప్పే లెక్క మరింత మోసపుచ్చేది. మూడేళ్ల వాహన రుణానికి 12 శాతం ఫ్లాట్ అంటే, అసలు తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ కడుతున్నారు కనుక, నిజంగా పడే భారం సుమారు 21 శాతం. ప్రతి అప్పు పక్కన మిగిలిన అసలు, ఏడాది వడ్డీ శాతం, కంతు తేదీ, తాకట్టు ఏమైనా ఉందా అన్న వివరాలు రాయండి. పాడుకున్న చీటీకి ఇక కట్టవలసిన వాయిదాలూ, బావమరిది ఇచ్చిన చేబదులూ కూడా అప్పులే కాబట్టి వాటినీ చేర్చండి.

ఏ అప్పు ముందు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. నిండు నెలలో 22,000 రూపాయలు, పని తగ్గిన నెలలో 15,000 రూపాయలు వచ్చే కుటుంబానికి ఇంటి ఖర్చు 10,000. క్రెడిట్ కార్డు బాకీ 40,000 ఉంది. దానికి పన్నుతో కలిపి నెలకు నూటికి నాలుగు రూపాయల చొప్పున 1,600 వడ్డీ. లక్ష రూపాయల ప్రామిసరీ నోటుకు రెండు రూపాయల వడ్డీ చొప్పున 2,000. అరవై వేల బంగారు రుణానికి ఏడాదికి 12 శాతం చొప్పున నెలకు 600. బండి కంతు 2,800. మొత్తం 7,000. నిండు నెలలో 5,000 మిగులుతుంది, తక్కువ నెలలో 2,000 కొరత పడుతుంది.

ఆ మిగిలిన 5,000 వెంటనే అప్పుకు కట్టేయాలనిపించడం సహజం. నేను మాత్రం ముందుగా మూడు తక్కువ నెలల కొరతకు సరిపడే 6,000 రూపాయలను విడిగా నిలవ ఉంచమంటాను, ఎందుకంటే అది లేకపోతే మొదటి తక్కువ నెలలోనే కొత్త చేబదులు తెచ్చి పాత కంతు కట్టవలసి వస్తుంది. ఆ నిలవ ఏర్పడిన తర్వాత ప్రతి నిండు నెలలోని మిగులునూ క్రెడిట్ కార్డుకే పెట్టాలి. వడ్డీ 1,600తో కలిపి నెలకు 6,600 కడితే ఆ బాకీ దాదాపు ఏడు నిండు నెలల్లో తీరుతుంది. కనీస మొత్తమంటూ 2,000 మాత్రమే కడుతూ పోతే మొదటి నెల అసలులో తగ్గేది 400 రూపాయలే. కార్డు తీరగానే తక్కువ నెల కొరత 2,000 నుంచి 400కు పడిపోతుంది. అదే 40,000 ప్రామిసరీ నోటుకు కట్టి ఉంటే నెలకు 800 మాత్రమే తగ్గేది. జీతం నిలకడగా లేనివారు వడ్డీ శాతంతో పాటు, ఒక అప్పు తీరితే నెల భారం ఎంత తగ్గుతుందో కూడా చూడాలని చెప్పడానికి కారణం ఇదే.

బంగారు రుణం గురించి ఒక మాట. వడ్డీ తక్కువ కనుక దాన్ని చివరికి వదిలేయడం సరైనదే. అయితే ఉద్యోగమే పోయే సూచనలు ఉంటే ముందుగా దానికే కట్టడంలో వేరొక మేలు ఉంది: విడిపించిన నగను అవసరమైతే మళ్లీ కుదువ పెట్టవచ్చు, వ్యక్తిగత రుణానికి ముందుగా కట్టిన డబ్బు మాత్రం తిరిగి చేతికి రాదు.

ప్రామిసరీ నోటు విషయంలో

నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది కనుక గడువు దగ్గరపడినప్పుడు నోటు తిరగరాయమని అడుగుతారు. ఆ సందర్భంలో బకాయిపడిన వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాస్తే బారువడ్డీ అప్పు చక్రవడ్డీ అప్పుగా మారిపోతుంది. లక్షకు మూడేళ్ల వడ్డీ 72,000 కలిస్తే ఇక మీదట 1,72,000 మీద నెలకు 3,440 కట్టాలి. కాబట్టి ఎంత ఇబ్బంది ఉన్నా ఏ నెలకా నెల వడ్డీ చెల్లించండి; చెల్లించిన ప్రతిసారీ నోటు వెనుక తేదీ, మొత్తం, సంతకాలతో చెల్లు వేయించుకోండి. ఎంత దగ్గరివారైనా నోటి మాటతో ఊరుకోవద్దు.

కంతు తప్పకముందే మాట్లాడండి

జీతం పదో తేదీ తర్వాతే వస్తున్నట్లయితే, ఐదో తేదీ కంతును పదిహేనుకు మార్చమని బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యర్థించండి. ఖాతాలో డబ్బు లేక కంతు తిరిగిపోతే అప్పిచ్చిన సంస్థా, ఖాతా ఉన్న బ్యాంకూ రెండూ రుసుము వసూలు చేస్తాయి. బాకీ 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తిగా, అంటే బ్యాంకు లెక్కలో మొండి బాకీగా మారుతుంది కనుక, అంతకు ముందే గడువు పెంచి కంతు తగ్గించమని అడగడం మేలు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఖాతాదారుల ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. కంతు కట్టడానికి ఫోన్ యాప్‌లో అప్పు తీసుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

జీతం బకాయి కూడా మీకు రావలసిన అప్పే. 2019 వేతనాల స్మృతి (కోడ్ ఆన్ వేజెస్) అనే చట్టం ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. హాజరు వివరాలూ, జీతపు చీటీలూ దాచుకుని, నలుగురు తోటివారితో కలిసి రాతపూర్వకంగా అడగండి. ఫలితం లేకపోతే కార్మిక శాఖ అధికారికి అర్జీ ఇవ్వండి.

అప్పు తీరిన రోజు చేయవలసిన పని కూడా ఉంది. బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం తీసుకోండి, ప్రామిసరీ నోటును మీ కళ్ల ముందే రద్దు చేయించి వెనక్కి తెచ్చుకోండి. ఒకటి రెండు నెలల తర్వాత, ఏడాదికి ఒకసారి ఉచితంగా లభించే రుణ చరిత్ర నివేదికను (సిబిల్ వంటి సంస్థలు ఇచ్చేది) తెప్పించి ఆ ఖాతా మూసినట్లు నమోదైందో లేదో చూడండి. నమోదు కాకపోతే ఆ పత్రం ప్రతిని జతచేసి సవరణ కోరండి.