విమాన ప్రయాణ లెక్కలు, 3వ పాఠం: దూరం నుంచి గంటలకు

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరం కట్టమంటే పోయిన పాఠంలో చాలామందికి 4,300 కిలోమీటర్లు వచ్చింది. ఢిల్లీ నుంచి లండన్‌కే దాదాపు 6,700 కిలోమీటర్లు. అమెరికా పడమటి తీరం అంతకన్నా దగ్గరెలా అవుతుంది? జవాబు రాగానే దాన్ని ఇలా నిలదీయడం అలవాటు చేసుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కో 122.38 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. దానికి రుణ గుర్తు పెట్టకుండా అందులోంచి ఢిల్లీ 77.10ని తీసేశారు. ఒకటి తూర్పు, ఒకటి పడమర అయితే కూడాలి: 199.48. ఇప్పుడు పోయిన పాఠంలోని సూత్రంలో (రెండు ఊళ్ల అక్షాంశాలు, రేఖాంశాల తేడా నుంచి భూమి కేంద్రం దగ్గరి కోణాన్ని ఇచ్చేది) వేస్తే కోణం 111.35 డిగ్రీలు, డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున సుమారు 12,380. ఇప్పటికీ పొంతన లేని సంఖ్య వస్తుంటే కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణాన్ని కొలిచే మరో ప్రమాణం) ఉందేమో చూడండి.

ఇక గంటలు. దూరాన్ని విమాన వేగంతో, అంటే గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, పైకి లేచి కిందికి దిగడానికి ముప్పావు గంట కలపండి. పద్నాలుగున్నర గంటలు వస్తుంది. ఇది గాలి లేని రోజు లెక్క. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది కాబట్టి నేను పడమరకు 850, తూర్పుకు 950 వేసుకుంటాను. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఇదే ప్రయాణాన్ని పసిఫిక్ మీదుగా, అంటే తూర్పు దిక్కుగా, తిప్పింది. దాదాపు 15,300 కిలోమీటర్ల దారి, అయినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. అంటే సగటున గంటకు 1,055 కిలోమీటర్లు. గాలి చేసే మేలు అంతటిది.

నాకు చిరాకు తెప్పించే తప్పు మరొకటుంది: చేరే సమయంలోంచి బయలుదేరే సమయాన్ని తీసేయడం. ఉదాహరణకు జనవరిలో ఢిల్లీలో సోమవారం తెల్లవారుజామున 4:00కు బయలుదేరి, అదే సోమవారం ఉదయం 6:00కు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగారు. అది రెండు గంటల ప్రయాణం కాదు. ముందు రెండింటినీ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చండి. ఢిల్లీ సమయంలోంచి 5:30 తీసేస్తే ఆదివారం రాత్రి 22:30. శాన్‌ఫ్రాన్సిస్కో సమయానికి 8 కలిపితే సోమవారం 14:00. తేడా పదిహేనున్నర గంటలు. తిరుగు ప్రయాణంలో అక్కడ సోమవారం రాత్రి 9:00కు ఎక్కితే యూటీసీలో మంగళవారం 5:00. పదహారు గంటలు కలపండి, 21:00. మన సమయంలో బుధవారం తెల్లవారుజామున 2:30. మంగళవారం దాదాపు మొత్తం గాలిలోనే గడిచిపోతుంది. రెండు ఊళ్ల గడియారాల తేడాను నేరుగా గుర్తుపెట్టుకోకండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు గడియారం గంట ముందుకు జరుగుతుంది, పదమూడున్నర కాస్తా పన్నెండున్నర అవుతుంది. మన 5:30లో ఉన్న అరగంటను మరిచిపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

అభ్యాసం: హైదరాబాద్ (17.24 ఉత్తరం, 78.43 తూర్పు) నుంచి సిడ్నీకి (33.95 దక్షిణం, 151.18 తూర్పు) దూరం కట్టండి. దక్షిణ అక్షాంశానికి రుణ గుర్తు మరవకండి. నేరుగా వెళ్లే విమానం జనవరి 10న రాత్రి 9:00కు బయలుదేరితే అక్కడ దిగేది ఏ రోజు, ఎన్నింటికి? జనవరిలో సిడ్నీ యూటీసీకి 11 గంటలు ముందుంటుంది. అదే ప్రయాణాన్ని జూలైకి మార్చి మళ్లీ కట్టండి, అప్పుడు 10 గంటలే.