అద్దం ముందు నీడలు పోయాయి

మా బాత్‌రూమ్‌లో వాష్‌బేసిన్ అద్దం ముందు నిలబడితే కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడేవి. షేవింగ్ అయ్యాక చూసుకుంటే దవడ కింద వెంట్రుకలు మిగిలిపోయి ఉండేవి. వెలుతురు నేరుగా నెత్తిమీద నుంచి పడటమే కారణం. సీలింగ్ లైటు వాట్లు ఎంత పెంచినా ఆ నీడ పోయేది కాదు.

అందుకని అద్దానికి రెండు పక్కలా కంటి ఎత్తులో, అంటే నేల నుంచి సుమారు 160 సెంటీమీటర్ల దగ్గర, పాలరంగు కవరున్న నిలువు లైట్లు పెట్టించాను. ఇప్పుడు ఒకదాని వల్ల పడే నీడను ఇంకొకటి చెరిపేస్తోంది. పక్కన చోటు లేకపోతే అద్దం పైన, దాదాపు దానంత వెడల్పున్న లైటు పెట్టుకోవచ్చు. అంత బాగుండదు గానీ ఫర్వాలేదు.

బల్బు కొనేటప్పుడు చాలామంది వాట్లే చూస్తారు. డబ్బా మీద సీఆర్ఐ, అంటే ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, కూడా చూడాలి. అది 90కి పైన ఉంటే చర్మం రంగు సహజంగా కనిపిస్తుంది. వెలుతురు ఛాయను కెల్విన్‌లలో చెప్తారు, నేను లేత పసుపు ఛాయ ఉన్న 3000 కెల్విన్ తీసుకున్నాను. 6500 తెలుపులో మనిషి జ్వరం పడి లేచినట్టుంటాడు. నీళ్లు చిందే చోటు కాబట్టి ఐపీ44 రేటింగ్ ఉన్నవే ఎంచుకున్నాను. వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేశాను, తడి గోడ దగ్గర ప్రయోగాలు నాకొద్దు.