క్రిస్మస్ సెలవులకు యూరప్ రైలు టికెట్లు దొరకట్లేదా? ముందు ఇది చూడండి

సెప్టెంబరు వచ్చిందంటే జర్మనీ, ఫ్రాన్స్‌లలో చదువుకునే మన పిల్లలూ, హైదరాబాద్ నుంచి ట్రిప్పు వేసుకునే కుటుంబాలూ అడిగే ప్రశ్న ఒకటే: "డిసెంబరు 23కి రైళ్లే కనబడట్లేదు, అన్నీ నిండిపోయాయా?" చాలావరకు నిండిపోలేదు, అమ్మకమే మొదలవలేదు. కంగారుపడి విమానం టికెట్టు కొనే ముందు అదే రూటులో, వారంలో అదే రోజుకు (మంగళవారమైతే మంగళవారమే), దగ్గర్లో ఉన్న తేదీ పెట్టి వెతకండి. అప్పుడు రైలు కనిపిస్తే రూటు సరిగానే ఉంది, మీ తేదీయే ఇంకా తెరవలేదు. నిమిషం పట్టే ఈ పని చేయకుండానే జనం హైరానా పడిపోతున్నారు.

రైలు కనబడదు, లేదా నాలుగైదు చోట్ల మారమంటుంది, లేదా ధర చూపించదు

మన దగ్గర 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలు. యూరప్‌లో అలాంటి ఉమ్మడి రూలు లేదు, ఏ దేశపు రైల్వే లెక్క దానిదే. కానీ టైమ్ టేబుల్ మాత్రం అందరికీ ఒకేసారి మారుతుంది: డిసెంబరు రెండో శనివారం అర్ధరాత్రి. 2025లో కొత్తది డిసెంబరు 14 నుంచి మొదలైతే, 2026లో 13 నుంచి. ఆరు నెలల ముందు టికెట్లిచ్చే కంపెనీ కూడా ఈ గీత దాటిన తేదీలను తరచుగా ఆలస్యంగానే తెరుస్తుంది. అందుకే డిసెంబరు 10కి దొరికిన రైలు 20కి మాయమైనట్టుంటుంది. ఫ్రాన్స్‌లో క్రిస్మస్ టికెట్ల అమ్మకం సాధారణంగా అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. ఇటలీ, స్పెయిన్‌లలో ఇంకా ఆలస్యం కావచ్చు, అదీ ఒక్కసారిగా కాకుండా విడతలుగా.

అసలు దెబ్బ తగిలేది రెండు దేశాల ప్రయాణంలో. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెనిస్ వెళ్లాలనుకోండి. మ్యూనిక్ దాకా ఐసీఈ (జర్మనీ హైస్పీడ్ రైలు), అక్కణ్ణుంచి ఆల్ప్స్ పర్వతాల్లోని బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీ వెళ్లే రైలు. రెండో రైలు వివరాలు సిస్టమ్‌లోకి ఎక్కకపోతే సైటు "ఇంకా తెరవలేదు" అని చెప్పదు. ఉన్న రైళ్లతోనే ఏదో వింత దారి అల్లి చూపిస్తుంది. అది నమ్మి కొంటే అర్ధరాత్రి ఏదో చిన్న స్టేషన్లో చలిలో కూర్చోవాలి.

ఇలా చేయండి. ప్రయాణాన్ని మ్యూనిక్ దగ్గర విరిచి రెండు ముక్కలూ విడివిడిగా వెతకండి. ఏది తెరవలేదో తెలిసిపోతుంది. తెరిచిన ముక్కను వెంటనే కొనేయకండి. కొత్త టైమ్ టేబుల్లో రెండో రైలు వేళ మారితే మొదటి టికెట్ వృథా, ఎందుకంటే చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. రెండూ తెరిచాక మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ వస్తుందేమో చూడండి. వస్తే అదే తీసుకోండి: మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి రైల్లో పంపించే బాధ్యత వాళ్లది. విడి టికెట్లయితే ఆ భారం మీదే. తప్పక విడిగా కొంటే మ్యూనిక్‌లో కనీసం రెండు గంటలు వదలండి. చలికాలంలో రాత్రి అక్కడే ఆగితే ఇంకా మంచిది.

నలుగురికి ధర ఒక్కసారిగా పెరిగిపోతుంది

చవక రేటులో మూడు సీట్లే మిగిలి ఉంటే, నలుగురికీ కలిపి పై రేటు వేసే సైట్లున్నాయి. ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతికి చూడండి. తేడా కనిపిస్తే రెండు బుకింగులుగా కొనండి.

వీసా ఇంకా చేతికి రాకపోతే మాత్రం జర్మనీ రైల్వే అమ్మే అతి చవక టికెట్ సూపర్ స్పార్‌ప్రైస్ జోలికి వెళ్లొద్దు. రద్దు చేస్తే డబ్బు రాదు.

పేమెంట్ దగ్గర ఆగిపోతుంది

బ్యాంకు యాప్ తెరిచి కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్‌లో ఉందో లేదో చూడండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది. లిమిట్ సున్నా ఉన్నా ఇదే గతి. రూపే కార్డు చాలాచోట్ల పనిచేయదు, వీసా లేదా మాస్టర్‌కార్డ్ వాడండి. ఓటీపీ వచ్చే ఫోను పక్కనే ఉండాలి.

పాస్ ఉంది, టీజీవీలో (ఫ్రాన్స్ హైస్పీడ్ రైల్లో) సీటు లేదు

ఒకే పాస్‌తో చాలా దేశాల రైళ్లెక్కాలంటే ఇండియా నుంచి వచ్చేవారికి యూరైల్, యూరప్‌లో నివాసం ఉన్నవారికి ఇంటర్‌రైల్. ఏ పాస్ ఉన్నా టీజీవీలోనూ, లండన్‌ను పారిస్ లాంటి నగరాలతో కలిపే యూరోస్టార్‌లోనూ సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి విడిగా డబ్బు కట్టాలి. పాస్ వాళ్లకిచ్చే సీట్లు పరిమితం. పాస్ కొనేముందే ఆ సీట్లున్నాయో చూసుకోండి.

మిగతావి

స్టేషన్ పేరు స్థానిక భాషలో కొట్టండి: వియన్నాకు వీన్, ఫ్లోరెన్స్‌కు ఫిరెంజే. డిసెంబరు 25న లండన్‌కు యూరోస్టార్ నడవదు, బ్రిటన్‌లో రైళ్లు దాదాపు ఉండవు, అక్కడికి ఆ రోజుకు వెతకడం దండగ. సైటు మొరాయించిందా? మర్నాడు మళ్లీ చూస్తే సరి.