స్పెయిన్‌లో ప్రభుత్వ సాయానికి అప్లై చేస్తున్నారా? ముందు ఈ మాటల దగ్గర జాగ్రత్త

• మీరు స్పానిష్ ఏ దేశపు యాప్‌లో, ఏ దేశపు వీడియోల్లో నేర్చుకున్నారో గుర్తు చేసుకోండి. మెక్సికోలో 'రెంతా' అంటే ఇంటి అద్దె. స్పెయిన్ ఫారాల్లో అదే మాటకు ఆదాయం అని అర్థం, అద్దెను 'అల్కిలేర్' అంటారు. ఈ గడి తప్పుగా నింపితే లెక్క మొత్తం తారుమారవుతుంది.

• ఉద్యోగం పోయిందా? 'ప్రెస్తాసియోన్ కోంత్రిబుతీవా' మీ జీతం మీద సామాజిక భద్రత (సోషల్ సెక్యూరిటీ)కు కట్టిన చందాల ఆధారంగా వచ్చే భృతి. గత 6 ఏళ్లలో కనీసం 360 రోజుల చందా ఉండాలి. 'సుబ్సీదియో' అనే నిరుద్యోగ సాయం వేరు, అందులో మీ ఆదాయం కూడా చూస్తారు.

• అన్నిటికంటే ముఖ్యం గడువు. 'దీయాస్ ఆబిలెస్' అంటే పనిదినాలు: శని, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. 'దీయాస్ నతురాలెస్' అంటే క్యాలెండర్‌లోని అన్ని రోజులూ. పైన చెప్పిన భృతికి ఉద్యోగం పోయాక 15 పనిదినాల్లో దరఖాస్తు పెట్టాలి. ఉత్తరం అందగానే ఈ రెండింటిలో ఏ మాట ఉందో వెతికి, పెన్నుతో గీత గీసుకోండి.

• 'రెకెరిమియెంతో' అని వస్తే టెన్షన్ పడొద్దు. దరఖాస్తులో ఏదో తక్కువైందని, ఇవ్వమని అడుగుతున్నారంతే. అలాగని పక్కన పెట్టేయకండి, సాధారణంగా 10 పనిదినాలే ఇస్తారు. 'దెనెగాదా' అంటే మాత్రం తిరస్కరించారని.

• 'సీతా ప్రేవియా', అంటే ముందస్తు అపాయింట్‌మెంట్, ఉచితం. డబ్బులడిగేవాళ్లకు ఇవ్వకండి.

• ఆన్‌లైన్ అనువాదంలో పెట్టేముందు ఉత్తరంలోని మీ గుర్తింపు నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు తీసేయండి.