పాత స్టూడియో సినిమాల పద్ధతిలో నలుపు తెలుపు ఫొటో తీయడం ఎలా?

విశాఖలో ఇప్పుడు పెళ్లికి ముందు ఫొటోలంటే ఒకటే తంతు. ఆర్.కె. బీచ్‌లో కొన్ని, కైలాసగిరి మీద కొన్ని. చివర్లో ఒక ఫొటోకు రంగు తీసేసి, ‘పాత సినిమాలా ఉంది చూడండి’ అంటూ ఆల్బమ్‌లో పెట్టేస్తారు. అందులో పాత సినిమా పోలిక ఏ కోశానా ఉండదు. ‘దేవదాసు’ (1953)లో బి.ఎస్. రంగా, ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లే అనే ఛాయాగ్రాహకులు ముఖాలను అలా చూపించగలిగారంటే ఏ దీపం ఎంత ఎత్తున, ఎంత దూరాన పెట్టాలో తెలిసినవాళ్లు కాబట్టి. మద్రాసు స్టూడియోల్లో కిలోవాట్ల కొద్దీ దీపాలతో చేసిన ఆ పనిని ఇంట్లో రెండు చిన్న దీపాలతో చేసుకోవచ్చు.

సామాను

బట్టల షాపుల్లో, నగల షాపుల్లో పైకప్పుకు బిగిస్తారే, ఆ ట్రాక్ లైట్లు రెండు కొనండి. 20 లేదా 30 వాట్లవి, వెలుగు ఇరుకుగా పడేవి. ఎలక్ట్రీషియన్ చేత వైరు, ప్లగ్గు వేయించండి. పూర్ణా మార్కెట్ వైపు వెళ్లినప్పుడు ఒక థర్మోకోల్ షీటు, నాలుగు నల్ల చార్టులు తెచ్చుకోండి. రెండు స్టాండ్లు, ఒక స్టూలు, ఒక సుద్దముక్క. కెమెరా ఉంటే కెమెరా, లేకపోతే ఫోను. అంతే.

రింగ్ లైటు ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి. నున్నగా, నీడ లేకుండా, ముఖమంతా ఒకేలా వెలిగించే దీపంతో ఈ పని జరగదు. నీడకు అంచు ఉండాలి. దీపం ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదును. ఆ రోజుల్లో స్టూడియో దీపాలకు ముందు గాజు కటకం పెట్టి వెలుగును ఒకచోటికి తెచ్చేవారు. ఫిల్ము వేగం తక్కువ, కాబట్టి వెలుగు చాలా కావాలి. ఆ అవసరంలోంచే ఆ అందం పుట్టింది.

సత్యజిత్ రాయ్ ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర ‘అపరాజితో’ (1956) కోసం సెట్టు మీద తెల్లటి గుడ్డ పరిచి, దీపాల వెలుగును దాని మీద కొట్టించి మెత్తగా కిందికి దింపాడు కదా అని ఎవరైనా అడుగుతారు. దింపాడు, గొప్పగా దింపాడు. కాశీలోని ఇంటి ముంగిట్లో పగటి వెలుగు కావాల్సి వచ్చింది ఆయనకు. మనకు కావాల్సింది కథానాయిక ముఖం. రెండూ వేరు.

గది

రాత్రిపూట చేయండి. సముద్రం వైపు ఫ్లాటు అయితే పగలు ఎన్ని కర్టెన్లు వేసినా వెలుగు ఆగదు. తెల్ల గోడలు ఇంకా పెద్ద శత్రువులు. దీపం వెలుగు వాటి మీద పడి తిరిగొచ్చి నీడలన్నీ బూడిద రంగుకు తిప్పేస్తుంది. రెండు వైపులా ముదురు రంగు దుప్పట్లు వేలాడదీయండి. కూర్చునే మనిషికీ వెనక గోడకూ మధ్య కనీసం ఐదారు అడుగులు ఉండాలి. గోడ మీద తల నీడ పడితే అది పాస్‌పోర్టు ఫొటో. ఫ్యాను ఆపక తప్పదు, జుట్టు ఎగురుతుంది. మన ఊరి గాలి తేమ సంగతి తెలిసిందే. ఏసీ లేకపోతే డిసెంబరు, జనవరి దాకా ఆగండి. చెమట పట్టిన నుదురు మీద ట్రాక్ లైటు పడితే మిగతా ముఖం ఎవరికీ కనిపించదు.

అసలు పని: ముక్కు నీడ

ఇక్కడికి వచ్చేసరికే అందరూ తొందరపడతారు. దీపాన్ని ఒక పక్కన, 45 డిగ్రీల కోణంలో పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. ముఖానికి కోణమానిని లేదు. ఒకరి ముక్కు పొడుగు, ఒకరి కళ్లు లోతు, ఒకరి బుగ్గలు ఎత్తు. కీ లైటు, అంటే ప్రధాన దీపం, ఎక్కడుండాలో ఆ ముఖం మీది ముక్కు నీడే చెబుతుంది. ఇంకెవరూ చెప్పలేరు.

ఖాళీ స్టూలు ముందు పెట్టుకొని దీపం సర్దకండి. స్టూడియోల్లో హీరోయిన్ మేకప్ గదిలో ఉండగా అదే ఎత్తున్న ఇంకొకరిని ఆమె చోట నిలబెట్టి లైటింగ్ చేసేవారు. మీరూ ఫొటో తీయబోయే మనిషినో, అంతే ఎత్తున్న మనిషినో కూర్చోబెట్టండి.

రెండో హెచ్చరిక ఇంకా ముఖ్యం. దీపం పట్టుకున్నవాళ్లే ముఖాన్ని చూసి నిర్ణయం చేయకూడదు. దీపం ఉన్న చోటు నుంచి చూస్తే ముఖం మీద నీడే కనిపించదు, ప్రతి నీడా దీపానికి ఎదురు వైపే దాక్కుంటుంది. అందుకని దీపాన్ని ఇంకొకరి చేతికిచ్చి, మీరు కెమెరా ఉన్న చోట నిలబడండి. ఒక కన్ను మూసుకొని చూడండి, కెమెరాకు ఉన్నది ఒకటే కన్ను. ‘కొంచెం పైకి, ఇంకొంచెం, ఆగు’ అని చెబుతూ ఉండాలి. నోరు నొప్పి పుట్టినా ఫరవాలేదు.

ఇక దీపాన్ని కదిలించండి. మొదట ముఖానికి ఎదురుగా, కళ్ల ఎత్తులో, నాలుగైదు అడుగుల దూరంలో. ముఖం పలకలా ఉంటుంది. ఇప్పుడు నెమ్మదిగా పైకి. ముక్కు కింద చిన్న నీడ మొదలవుతుంది. ఆ నీడ ముక్కుకీ పై పెదవికీ మధ్య సగం దూరం దిగినప్పుడు ఆపండి. పెదవిని తాకనివ్వకండి, తాకితే మీసం. అక్కడ ఆపితే రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలాంటి నీడ వస్తుంది. హాలీవుడ్ పారమౌంట్ స్టూడియోలో నటి మార్లిన్ డీట్రిచ్‌ను తీసింది ఈ వెలుగులోనే. ‘షాంఘై ఎక్స్‌ప్రెస్’ (1932)లో ఆమె ముఖం చూడండి. ఆ సినిమాకు ఛాయాగ్రాహకుడు లీ గార్మ్స్‌కు ఆస్కార్ ఇచ్చారు.

బుగ్గ ఎముకలు స్పష్టంగా ఉన్నవాళ్లకు అక్కడితో చాలు. గుండ్రటి ముఖమైతే దీపాన్ని పక్కకు జరపండి. ఏ పక్కకు? ముఖం ఎటు తిరిగి ఉందో అటు. అప్పుడు కెమెరా వైపు ఉన్న వెడల్పాటి చెంప నీడలోకి వెళ్లి ముఖం సన్నబడుతుంది. మన ఫొటోగ్రాఫర్లలో చాలామంది సరిగ్గా దీనికి ఉల్టాగా పెట్టి, ‘ముఖం లావుగా వచ్చింది, మీదే లోపం’ అన్నట్టు చూస్తారు. జరిపేకొద్దీ ముక్కు నీడ వంకర తిరిగి చెంప నీడను కలుస్తుంది. కలిసిన చోట, నీడ వైపు కంటి కింద, చిన్న వెలుగు త్రికోణం మిగులుతుంది. ఆ త్రికోణం కన్ను కంటే వెడల్పు కాకూడదు. త్రికోణం మాయమైపోయిందంటే ఎక్కువ జరిపారు.

ఇప్పుడు కళ్లలోకి చూడండి. రెండు కళ్లలోనూ దీపం చుక్క కనిపించాలి. కనిపించకపోతే దీపం మరీ పైన ఉంది. కళ్లు లోతుగా ఉన్న పెద్దవాళ్ల విషయంలో ముక్కు నీడను కాస్త త్యాగం చేసి అయినా దీపం దించండి. చుక్క లేని కన్ను చచ్చిన కన్ను. ‘ది లాడ్జర్’ (1944)లో నటి మెర్ల్ ఓబెరాన్ కోసం ఛాయాగ్రాహకుడు లూసియన్ బల్లార్డ్ కెమెరా పక్కనే బిగించే చిన్న దీపం ఒకటి తయారు చేశాడు. ఆమె ముఖం మీది మచ్చలు కనిపించకుండా చేయడం దాని పని. దానితో కళ్లూ వెలిగాయి. మీ దగ్గర మూడో దీపం ఉంటే అలా వాడుకోవచ్చు. కళ్లద్దాలున్నవాళ్లయితే చెవుల మీద కమ్మీలను కొద్దిగా పైకెత్తండి. అద్దాలు కిందికి వంగి, దీపం ప్రతిబింబం తప్పుకుంటుంది.

అన్నీ కుదిరాక స్టూలు కాళ్ల చుట్టూ, స్టాండు కాళ్ల చుట్టూ సుద్దతో గీయండి. మనిషి తల రెండు వేళ్ల వెడల్పు తిరిగినా నీడ చోటు మారుతుంది. సినిమావాళ్లు నటుల కోసం నేల మీద గుర్తులు పెట్టేది ఊరికే కాదు.

మిగతా దీపాలు

నీడ వైపు థర్మోకోల్ నిలబెట్టి, నీడలో చెవి రూపం లీలగా తెలిసేదాకా దగ్గరికి తెచ్చి, ఒక అడుగు వెనక్కి లాగండి. రెండో దీపం వెనక నుంచి, పైనుంచి, జుట్టు మీదికి. నూనె రాసిన నల్లటి జుట్టు నల్ల కర్టెన్‌లో కలిసిపోకుండా అంచు గీసేది ఇదే. జడలో మల్లెపూలున్నాయా? ఆ దీపం వాటి మీద పడితే పూలు పోయి తెల్లటి ముద్ద మిగులుతుంది. నల్ల చార్టును కట్టర్‌లా అడ్డం పెట్టి పూల మీద వెలుగు కోసేయండి. ఆ వెలుగు నేరుగా లెన్సులోకి రాకుండా కూడా చూసుకోండి.

కిటికీలోంచి దూసుకొచ్చే వెలుగు చార కావాలని అడిగేవాళ్లుంటారు. హిందీ ‘కాగజ్ కే ఫూల్’ (1959)లో ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి పెద్ద అద్దాలతో ఎండను స్టూడియోలోకి మళ్లించి అది సాధించారు. గాలిలో ఏదైనా ఉంటేనే చార కనిపిస్తుంది. ఇంట్లో సాంబ్రాణి పొగ వేస్తే చాలు. ముందు ముఖం సరిగ్గా వచ్చాక ఆ సరదాలు.

కెమెరా

ఫోనుతో తీసేవాళ్లు హెచ్‌డీఆర్, నైట్ మోడ్, బ్యూటీ, పోర్ట్రెయిట్ మోడ్ అన్నీ ఆపండి. మీరు గంటసేపు కష్టపడి పెట్టిన నీడను ఫోను తప్పనుకొని వెలిగించేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ అయితే వెనక దీపం గీసిన జుట్టు అంచును సగం కొరికేస్తుంది. వెలుగు పడిన చెంప మీద వేలు నొక్కి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చవక ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకనులో ఉంచితే ఫొటోలో చారలు రావు.

మెత్తదనం కోసం లెన్సు ముందు పల్చటి నల్ల నెట్టు గుడ్డ ఒక పొర లాగి కట్టవచ్చు. వేజలీన్ పూసేవాళ్లు ఫిల్టరు గాజుకు పూయాలి, లెన్సుకు పూయకూడదు. ఉప్పుగాలికి లెన్సులు ఎలాగూ బూజు పడుతున్నాయి, జిడ్డు కూడా ఎందుకు?

రంగులోనే తీసి, తరువాత కంప్యూటర్‌లో నలుపు తెలుపుకు మార్చండి. మార్చేటప్పుడు ఎరుపును పెంచితే చర్మం నున్నగా, తెల్లగా వస్తుంది. అందుకే అందరూ అదే చేస్తారు. కానీ కుంకుమ బొట్టు కూడా ఎరుపే. ఎరుపు పెంచగానే బొట్టు పాలిపోయి నుదుటిలో కలిసిపోతుంది, పెదవులూ అంతే. ఆకుపచ్చను పెంచి, ఎరుపును బొట్టు నల్లగా కనిపించే దాకా తగ్గించండి. చర్మం మీద ఒకటి రెండు మచ్చలు బయటపడితే పడనివ్వండి.